పిల్లికి లంఖణం ఔషధం కాదు: పెంపుడు పిల్లులలో కొవ్వు కాలేయ వ్యాధి

లంఖణం పరమౌషధమన్న సామెత మనుషుల అజీర్తికి వర్తించవచ్చును గాని పిల్లికి వర్తించదు. పెంపుడు పిల్లి, ముఖ్యంగా బాగా బలిసిన పిల్లి, ఆహారం ముట్టకపోతే “ఆకలైతే అదే తింటుంది” అని వేచి చూడడం ప్రాణాంతకం కాగలదు. పిల్లులలో తరచుగా కనిపించే కాలేయ వ్యాధులలో ఒకటైన కొవ్వు కాలేయ వ్యాధి ఈ విధంగానే మొదలవుతుంది.

వ్యాధి ఏర్పడే విధానం

పిల్లి సహజసిద్ధంగా మాంసాహారి. మాంసకృత్తులను విచ్ఛిన్నం చేసే ఎంజైములు దాని కాలేయంలో నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి. ఉపవాస సమయంలో కూడా వాటి వేగం అంతగా తగ్గదు. ఈ క్రమంలో వెలువడే అమ్మోనియాను యూరియాగా మార్చడానికి ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం అవసరం. ఆర్జినైన్ లేని ఆహారాన్ని ఒక్కపూట తిన్నా పిల్లులలో కొద్ది గంటలలోనే అమ్మోనియా విషలక్షణాలు కనిపిస్తాయని మోరిస్, రోజర్స్ అనే శాస్త్రవేత్తలు 1978లో వెల్లడించారు.

ఆహారం అందనప్పుడు శరీరంలో నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా కాలేయానికి చేరుతుంది. దానిని తిరిగి బయటకు పంపాలంటే మాంసకృత్తులతో జతచేయాలి. అవి కొరవడినందున కొవ్వు కాలేయ కణాలలోనే పేరుకుంటుంది. ఉబ్బిన కణాలు సూక్ష్మ పైత్యరస నాళాలను నొక్కివేయగా, పసుపు వర్ణకమైన బిలిరుబిన్ రక్తంలో నిలిచి కామెర్లు ఏర్పడతాయి.

గుర్తించవలసిన లక్షణాలు

మొదట ఆహారంపై విముఖత, మందకొడితనం, మూలల్లో దాగి ఉండడం, వాంతులు, వేగంగా బరువు తగ్గడం కనిపిస్తాయి. తరువాత చిగుళ్లు, అంగిలి, కంటి తెల్లగుడ్డు, చెవుల లోపలి చర్మం పసుపు రంగుకు మారుతాయి. వెంట్రుకల వలన శరీరంపై ఈ రంగు తెలియదు కనుక ఈ భాగాలనే పరిశీలించాలి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటుంది. నోటి వెంట చొంగ కారడం, తూలడం, తల వాల్చివేయడం తీవ్రస్థితికి సూచనలు.

నిర్ధారణ, చికిత్స

కామెర్లన్నీ ఈ వ్యాధి వల్లనే రావు. పైత్యరస నాళాల వాపు, ఎర్ర రక్తకణాలు నశించడం కూడా కారణాలు కావచ్చును. పైగా కొవ్వు కాలేయ వ్యాధి వెనుక క్లోమం, పేగుల వ్యాధుల వంటి మరొక రుగ్మత తరచుగా దాగి ఉంటుంది. కావున రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్, అవసరమైతే కాలేయ కణాల పరీక్ష జరిపి పశువైద్యుడే నిర్ధారిస్తాడు.

చికిత్సలో ప్రధానమైనది ఔషధం కాదు, ఆహారమే. గొట్టం ద్వారా మాంసకృత్తులు అధికంగా గల ఆహారాన్ని కొద్ది మోతాదుతో ప్రారంభించి క్రమంగా పెంచుతారు. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే రక్తంలోని ఖనిజ లవణాల స్థాయి ప్రమాదకరంగా పడిపోతుంది. ఇది కొన్ని వారాలపాటు కొనసాగవలసి ఉంటుంది. సకాలంలో ఈ పోషణ అందిన పిల్లులలో అధికభాగం కోలుకుంటాయి. అందనివి సాధారణంగా మరణిస్తాయి.

యజమానులు పాటించవలసినవి

• పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే పశువైద్యుని సంప్రదించాలి. కామెర్లు కనిపించేవరకు ఆగరాదు.

• బరువు తగ్గించదలచినపుడు ఆహారాన్ని హఠాత్తుగా తగ్గించరాదు. వారానికి శరీర బరువులో 1 నుండి 2 శాతం మించి తగ్గకుండా చూడాలి.

• పెరుగన్నం, పాలన్నం మాత్రమే పెట్టడం సరికాదు. చేప, మాంసం, గుడ్డు లేదా పిల్లుల కోసం తయారైన సమతుల ఆహారం ఇవ్వాలి. కొత్త ఆహారాన్ని వారం పది రోజులలో క్రమంగా అలవాటు చేయాలి.

• జ్వరమని పారాసిటమాల్ ఇవ్వరాదు. దానిని నిర్విషం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర కూడా ప్రాణం తీయగలదు.

పిల్లి తన బాధను దాచుకొనే జంతువు. అందువలన ప్రతిరోజూ అది తిన్న ఆహార పరిమాణాన్ని గమనించడమే కాలేయ వ్యాధిని తొలిదశలో పసిగట్టడానికి యజమాని చేతిలో ఉన్న సులభమైన మార్గం.