మధ్యలో దిగితే మిగిలేదెంత?

ఒకప్పుడు మన పల్లెల్లో విమానము చప్పుడైతే పొలములో పని ఆపి తలెత్తి చూసేవాళ్లమే గాని, ఎక్కినవాళ్లు అరుదు. ఈనాడు అలా కాదు. మా సంఘములో ఆదివారము ఆరాధనకు కూర్చున్నవాళ్లను చూస్తే, నాలుగైదు ఇళ్లకు ఒక ఇంటి బిడ్డ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో గల్ఫులోనో ఉన్నారు. కూతురి కాన్పుకని, మనవడి పుట్టినరోజుకని తల్లిదండ్రులు వెళ్లి వస్తున్నారు. వాళ్లందరూ కలిగినవాళ్లేమీ కారు. కౌలు డబ్బు, పాల డబ్బు కూడబెట్టి టిక్కెట్టు కొనేవాళ్లే ఎక్కువ. కాబట్టి టిక్కెట్టులో పదివేలు తగ్గుతాయంటే చెవి అటు పోవడము సహజము.

2018 డిసెంబరులో మా సంఘ పెద్ద ఒకాయన, ఆయన భార్య డాలస్ బయలుదేరారు. అక్కడ పెద్దమ్మాయికి నెలలు నిండుతున్నాయి. దంపతులిద్దరికీ అరవై దాటాయి. అంతకుముందు వాళ్లు చేసిన దూర ప్రయాణము అంటే రైలులో హైదరాబాదు వెళ్లి రావడమే. అల్లుడి స్నేహితుడెవరో కంప్యూటరులో వెదికి, హైదరాబాదు నుంచి దుబాయికి ఒక కంపెనీలో చవక టిక్కెట్టు, దుబాయి నుంచి డాలస్‌కు వేరొక కంపెనీలో మరొక టిక్కెట్టు తీశాడు. ఇద్దరికీ కలిపి 22 వేలు తగ్గింది. ఆ కాగితాలు పట్టుకొని ఆయన మా ఇంటికి వచ్చారు. "ఎలా ఉందండీ అయ్యగారూ?" అని అడిగారు. దుబాయిలో ఐదు గంటల వ్యవధి ఉంది గదా అని చూసి, "బాగుందండీ" అన్నాను. ఆ మాట అన్నవాణ్ణి నేనే గనుక ఈ వ్యాసము నా మీద ఉన్న బాకీ.

శంషాబాదులోనే మొదటి దెబ్బ తగిలింది. అమెరికా టిక్కెట్టు మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి తీసుకువెళ్లవచ్చు. అందుకని నాలుగు పెట్టెలు నిండుగా కట్టారు. కాని మొదటి టిక్కెట్టు దుబాయి వరకే గదా, దాని మీద మనిషికి 20 కిలోలే. అదనపు బరువుకు డబ్బు కట్టేసరికి మిగిలిందనుకున్న 22 వేలు కౌంటరు దగ్గరే ఖర్చయ్యాయి. ఆ తెల్లవారుజామున మంచు కమ్మి విమానము నాలుగు గంటలు ఆలస్యమైంది. దుబాయిలో దిగి, వీసా వరుసలో నిలబడి, పెట్టెలు తీసుకొని, ఇంకో టెర్మినల్‌కు చేరేసరికి డాలస్ విమానము వెళ్లిపోయింది. రెండవ కంపెనీవాళ్లు, "మీరు సమయానికి రాలేదు, టిక్కెట్టు చెల్లదు" అన్నారు. మొదటి కంపెనీవాళ్లు, "మిమ్మల్ని దుబాయి చేర్చాము, మా పని అయిపోయింది" అన్నారు. వాళ్ల వాళ్ల నిబంధనల ప్రకారము ఇద్దరూ చెప్పినది సరియే. అల్లుడు అప్పు చేసి కొత్త టిక్కెట్లు కొనే వరకు ఈ దంపతులు ఒక రాత్రి, ఒక పగలు కుర్చీల మీద గడిపారు. మనవరాలు పుట్టిందన్న కబురు వాళ్లకు అక్కడే, ఆ కుర్చీల దగ్గరే తెలిసింది.

అయితే మధ్యలో దిగడమే తప్పు అనుకుంటే పొరపాటు. హైదరాబాదు నుంచి డాలస్‌కు ఎక్కడా దిగకుండా పోయే విమానము లేదు. అపొస్తలుడైన పౌలును రోమాకు తీసుకుపోతున్నవాళ్లు కూడా మూర అనే రేవులో దిగి, అలెక్సంద్రియ ఓడ ఎక్కవలసి వచ్చింది గదా! దిగడము ఎలాగూ తప్పదు. ఏ టిక్కెట్టు మీద దిగుతున్నామన్నదే విషయము.

ఈ చవక ఎక్కడ నుంచి వస్తుందో కొంచెము చూద్దాము. మన విజయవాడ జంక్షన్‌నే తీసుకోండి. నాలుగు దిక్కుల రైళ్లు అక్కడ కలుస్తాయి. దుబాయి, దోహా, ఇస్తాంబుల్, సింగపూర్ విమానాలకు అలాంటి జంక్షన్లు. హైదరాబాదులో ఎక్కిన మూడు వందల మందిలో దోహాలో ఆగిపోయేది కొందరే. మిగిలినవాళ్లు అక్కడ దిగి లండనుకో, చికాగోకో, డాలస్‌కో మారతారు. ఇన్ని ఊళ్లవాళ్లు ఒకే విమానములో సర్దుకుంటారు గనుక సీట్లు నిండుతాయి. పైగా హైదరాబాదు నుంచి డాలస్ వెళ్లేవాడు దుబాయి మీదుగా పోవచ్చు, దోహా మీదుగా పోవచ్చు, లండన్ మీదుగానూ పోవచ్చు. అతణ్ణి తమ దారికి తిప్పుకోవడానికి కంపెనీలు పోటీపడి మొత్తము ప్రయాణానికి ఒక ధర కడతాయి. ఆ ధర రెండు ముక్కలు విడివిడిగా కొన్నదానికన్నా చాలాసార్లు తక్కువే ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య నేరుగా పోయే విమానము ఉన్నచోట, సమయము కలిసివచ్చినందుకు జనము ఎక్కువ ఇస్తారు. ఆగి పోయే కంపెనీ తగ్గించి అమ్ముకుంటుంది.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1960లలో ఐస్‌లాండు దేశపు లోఫ్ట్‌లేదిర్ అనే కంపెనీ న్యూయార్క్ నుంచి యూరపులోని లక్సెంబర్గుకు, దారిలో తమ రాజధాని రెయిక్యవిక్‌లో దింపి, తక్కువ ధరకు తీసుకుపోయేది. అప్పట్లో పెద్ద కంపెనీలన్నీ తమ సంఘమైన అయాటాలో కలిసి ధరలు నిర్ణయించుకొనేవి; ఈ కంపెనీ అందులో సభ్యత్వము తీసుకోలేదు. డబ్బు లేని విద్యార్థులు దాన్నే ఎక్కేవారు. దాని వారసురాలైన ఐస్‌లాండేర్‌లో నేటికీ, అట్లాంటిక్ దాటేవాళ్లు విమాన ఛార్జీ పెరగకుండానే ఆ దేశములో 7 రాత్రుల వరకు ఆగవచ్చు. ప్రయాణికుడికి ఒక దేశము చూసినట్లు, ఆ దేశానికి నాలుగు డబ్బులు వచ్చినట్లు!

మన పెద్దలకు రైలులో బ్రేక్ జర్నీ తెలుసు. 500 కిలోమీటర్లు దాటిన మామూలు టిక్కెట్టు మీద, ఆ 500 పోయిన తరువాత ఒకచోట దిగి, రెండు రోజుల వరకు ఆగి, అదే టిక్కెట్టు మీద ముందుకు పోవచ్చు. విమానములో దీనికి పేరు స్టాపోవర్. విదేశ ప్రయాణములో మధ్య ఊరిలో 24 గంటల లోపు ఉంటే అది విమానము మారడము, ట్రాన్సిట్ అంటారు. 24 గంటలు దాటితే స్టాపోవర్. ఈ తేడా పేరులోనే లేదు. ట్రాన్సిట్ అయితే పెట్టెలు సాధారణముగా చివరి ఊరికే పోతాయి. స్టాపోవర్ అయితే మధ్యలో మీ చేతికి ఇస్తారు. కొన్ని కంపెనీలు స్టాపోవరుకు అదనముగా ఏమీ తీసుకోవు, కొన్ని కొంత తీసుకుంటాయి, మరికొన్ని హోటలు గదిని తగ్గింపు ధరకు ఇస్తాయి. టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఇస్తాంబుల్‌లో కొన్ని గంటలు ఆగేవాళ్లకు ఊరు ఉచితముగా చూపించి తీసుకువస్తుంది.

టిక్కెట్టు తీసే ఏజెంటును అడగవలసిన మాట ఒక్కటే: "అన్ని విమానాలు ఒకే టిక్కెట్టు మీద ఉన్నాయా?" ఒకే టిక్కెట్టు అయితే, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినా, తరువాతి విమానములో పంపే బాధ్యత కంపెనీదే. 2024 ఏప్రిల్ 16న ఎడారి ఊరైన దుబాయిలో వరద వచ్చి విమానాశ్రయమే నీట మునిగింది, వేలమంది చిక్కుకుపోయారు. 2025 జూన్ 23న కతార్ తన ఆకాశమును కొన్ని గంటలు మూసివేసింది. అలాంటి దినాన ఒకే టిక్కెట్టు ఉన్నవాడు ఆలస్యముగానైనా తన ఊరు చేరతాడు. రెండు ముక్కల టిక్కెట్టువాడు దారి తానే వెదుక్కోవాలి. కంప్యూటరులో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని చిన్న అక్షరాలతో కనిపిస్తే అది రెండు ముక్కల టిక్కెట్టని గ్రహించండి. ఇరవై ఏళ్ల కుర్రవాడు భుజాన సంచీతో అలా పోతానంటే పోనివ్వండి. నాలుగు పెట్టెలు, మోకాళ్ల నొప్పులు, ఇంగ్లీషు రాని భయము ఉన్నవాళ్లకు అది తగదు. ఇంకొక సంగతి. ఒకే టిక్కెట్టు మీద ఏదైనా ఒక విమానము చెప్పకుండా మానేస్తే, దాని తరువాతివన్నీ రద్దవుతాయి. తిరుగు ప్రయాణముతో సహా. "దుబాయిలో తమ్ముడి దగ్గర ఉండిపోయి వారము తరువాత ఎక్కుతాను" అంటే కుదరదు. ముందే వ్రాయించుకోవాలి.

వీసా లెక్క కూడా ముందే చూసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గల భారతీయులకు దుబాయిలో దిగిన తరువాత రుసుముతో 14 రోజుల వీసా ఇచ్చే పద్ధతి 2017 నుంచి ఉన్నది; పాస్‌పోర్టుకు, ఆ వీసాకు కనీసము 6 నెలల గడువు ఉండాలి. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు ఎక్కువగా మారే సింగపూరులోనూ, కొన్ని దేశాల వీసాలున్న భారతీయులకు వీసా లేకుండా 96 గంటలు ఉండే సదుపాయము ఉంది. ఈ నియమాలు మారుతుంటాయి గనుక టిక్కెట్టు కొనే వారములో మళ్లీ చూసుకోండి. హోటలు, వీసా రుసుము, టాక్సీ, తిండి కలిపి వేసుకున్న తరువాత ఏమైనా మిగిలితేనే అది మిగులు.

తల్లులారా, మీకొక మాట. గసగసాలు కట్టవద్దు. మన మసాలాలో అవి మామూలే గాని, యు.ఎ.ఇ.లోను సింగపూరులోను నిషేధము. మత్తుపదార్థాల కింద కేసు పెడతారు. ఊరిలోకి దిగినా, విమానాశ్రయములోనే ఉన్నా ఆ ప్రమాదము తెచ్చుకోవద్దు. ట్రామడాల్ వంటి నొప్పి మాత్రలకు, కోడీన్ ఉన్న దగ్గుమందుకు కూడా అక్కడ ముందస్తు అనుమతి ఉండాలి. షుగరు, బి.పి. మందులు డాక్టరు చీటీతో చేతి సంచిలోనే ఉంచుకోండి. పెద్ద పెట్టె ఎక్కడ తిరుగుతుందో తెలియదు. నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీ డబ్బు తీసుకోకుండా ఇస్తారు, టిక్కెట్టు తీసేటప్పుడే చెప్పాలి. అడగడానికి సిగ్గుపడకండి. ఆ కుర్చీ నెట్టే మనిషే గేటు వరకు దారి చూపిస్తాడు.

మా సంఘ పెద్ద, ఆయన భార్య 2023లో రెండవసారి డాలస్ వెళ్లారు. ఈసారి కాగితాలు తెచ్చినప్పుడు నేను కళ్లజోడు పెట్టుకొని ప్రతి వరుసా చదివాను. "ఏమండీ, ఇంతసేపు చదువుతున్నారు?" అని ఆయన నవ్వారు. ఒకే కంపెనీ, ఒకే టిక్కెట్టు. వెళ్లేటప్పుడు దుబాయిలో నాలుగు గంటలు. వచ్చేటప్పుడు మూడు రోజుల స్టాపోవర్. దానికి ఇద్దరికీ కలిపి నాలుగు వేల చిల్లర పెరిగింది. వాళ్ల చిన్నబ్బాయి షార్జాలో ఎలక్ట్రీషియను. నాలుగేళ్లుగా ఇంటికి రాలేదు. వాణ్ణి చూడడానికి విడిగా వెళ్లి రావాలంటే ఇద్దరికీ ఎంతవుతుందో ఆయన అప్పటికే రెండు మూడుసార్లు లెక్క వేసుకొని మానుకొని ఉన్నారు.

స్టాపోవరును తిరుగు ప్రయాణములో పెట్టుకోమన్నది నా సలహాయే. వెళ్లేటప్పుడు మనసంతా అక్కడి బిడ్డ మీద ఉంటుంది, పెట్టెలూ బరువు. వచ్చేటప్పుడు తొందర లేదు. డాలస్ నుంచి దుబాయికి దాదాపు 15 గంటలు కూర్చున్న కాళ్లకు రెండు రాత్రుల నిద్ర దొరుకుతుంది కూడా. హోటలు ఖర్చు వాళ్లకు పడలేదు. అబ్బాయి తన స్నేహితుడి కుటుంబము ఉండే ఇంట్లో ఒక గది ఏర్పాటు చేశాడు.

మూడవ రోజు ఆయన ఫోను చేశారు. వెనుక నుంచి ఆమె మాటలు వినిపిస్తున్నాయి. డాలస్‌కు తీసుకువెళ్లిన ఆవకాయలో ఒక సీసా మూత తీయకుండా, కూతురికి కూడా చెప్పకుండా, పెట్టె అడుగున చీరలో చుట్టి దాచి, మళ్లీ సముద్రాలు దాటించి దుబాయి తెచ్చిందట ఆ తల్లి. "చిన్నోడు ఇప్పుడే మూత తీశాడండీ అయ్యగారూ," అన్నారాయన, "అన్నము ఉడికేదాకా కూడా ఆగలేదు."