రాయి చెక్కే సీఎన్‌సీ రూటర్‌కి ఏ బిట్ కొనాలి? ధర చూసే ముందు రాయిని చూడండి

మా బావకి గ్రానైట్ షాపు ఉంది. ఈమధ్యే ఒక సీఎన్‌సీ రూటర్ కొన్నాడు. 2.2 కిలోవాట్ల స్పిండిల్, 24,000 ఆర్‌పీఎం. "నువ్వు కంప్యూటర్ చదివినోడివి కదా, నువ్వే సెట్ చెయ్‌రా" అని నాకు అప్పజెప్పాడు. మొదటి ఆర్డర్ గృహప్రవేశానికి ఇవ్వాల్సిన నల్ల గ్రానైట్ నేమ్ బోర్డు. చెక్క మీద అద్భుతంగా పనిచేసిన కార్బైడ్ బిట్‌నే పెట్టాను. మొదటి అక్షరం పూర్తయ్యేలోపే మొన అరిగిపోయింది, రెండో అక్షరానికి అంచులు పెచ్చులు ఊడాయి. స్లాబ్ పోయింది, బిట్ పోయింది. మెషిన్‌లో ఏ లోపమూ లేదు. బిట్ ఎంపికే తప్పు. ఆ తర్వాత నేర్చుకున్నదే ఈ గైడ్.

ముందు రాయి ఏంటో తేల్చుకోండి

ఖనిజాల గట్టిదనాన్ని మోస్ స్కేల్ మీద 1 నుంచి 10 వరకు కొలుస్తారు. మార్బుల్, కడప రాయి, తాండూరు రాయి వీటిలో ప్రధానంగా ఉండేది కాల్సైట్. దాని గట్టిదనం 3. గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. స్టీల్ చాకుతో ఒక మూల గీసి చూడండి. రాయి మీద గీత పడితే మెత్తని రకం. చాకు మొనే అరిగి లోహపు చార మిగిలితే గట్టి రకం.

కార్బైడ్ కూడా క్వార్ట్జ్ కన్నా గట్టిదే. మరి ఎందుకు పోయింది? రాయిలోని రేణువులు ఉప్పుకాగితంలా దాని అంచుని రుద్దేస్తాయి. పైగా కార్బైడ్ పెళుసు, అంచు చిట్లుతుంది. మార్బుల్ మీద చిన్న పనులకు సరిపోతుంది కానీ గ్రానైట్‌కి డైమండే.

ఇక్కడో విషయం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని షాపులో గ్రానైట్ అనే అమ్ముతారు కానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో కుటుంబం. క్వార్ట్జ్ చాలా తక్కువ. అయినా ఫెల్డ్‌స్పార్ ఉంది కాబట్టి కార్బైడ్‌తో దాని జోలికి పోవద్దు.

డైమండ్ బిట్లలో మూడు రకాలు

ఎలక్ట్రోప్లేటెడ్: స్టీల్ మీద నికెల్‌తో ఒకే పొర డైమండ్ రేణువులు అతికిస్తారు. చవక, షేప్ కచ్చితంగా ఉంటుంది. ఆ ఒక్క పొర పోతే బిట్ అయిపోయినట్టే. ఒకటి రెండు బోర్డులకు, సన్నని డిజైన్లకు ఓకే.

వాక్యూమ్ బ్రేజ్డ్: ఇదీ ఒకే పొర. కానీ రేణువులు ఎక్కువగా బయటికి పొడుచుకొని ఉంటాయి, పట్టు గట్టిగా ఉంటుంది. వేగంగా కోస్తుంది, ఫినిష్ కాస్త గరుకు.

సింటర్డ్: డైమండ్, లోహపు పొడి కలిపి వేడిలో ఒత్తి చేస్తారు. పైపొర అరిగితే కింద కొత్త డైమండ్ బయటపడుతుంది. ధర ఎక్కువ, కానీ రోజూ గ్రానైట్ చెక్కే షాపుకి చివరికి ఇదే చవక.

సింటర్డ్ కొనేటప్పుడు బాండ్ గురించి తప్పక అడగండి. గట్టి రాయికి మెత్తని బాండ్, మెత్తగా ఉండి గరుకుగా రాలే రాయికి గట్టి బాండ్. ఉల్టాగా అనిపిస్తుంది కానీ లాజిక్ ఉంది. గట్టి రాయి డైమండ్‌ని త్వరగా మొద్దుబారుస్తుంది, కాబట్టి బాండ్ అరిగి కొత్త రేణువుని బయటపెట్టాలి. బాండ్ అరగకపోతే బిట్ నున్నగా మెరుస్తుంది, తిరుగుతుంది కానీ కోయదు. అప్పుడు పారేయకండి. మెత్తని సానరాయి ముక్క మీద కాసేపు నడిపిస్తే మళ్లీ పదునెక్కుతుంది.

గ్రిట్ నంబర్ పెరిగేకొద్దీ రేణువు చిన్నది. 40/50 రఫ్ పనికి, 100 పైన ఫినిషింగ్‌కి.

సెట్టింగ్స్‌లో నేను చేసిన తప్పు

డైమండ్ బిట్ చెక్కని కోసినట్టు కోయదు, అరగదీస్తుంది. అందుకే స్పీడ్ కావాలి. 6 ఎంఎం బిట్ 24,000 ఆర్‌పీఎం దగ్గర తిరిగితే దాని అంచు వేగం సెకనుకి సుమారు 7.5 మీటర్లు. 10 ఎంఎం అయితే 12.5 దాటుతుంది. పని అనుమతిస్తే లావు బిట్ తీసుకోండి, కానీ బిట్ మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం దాటొద్దు.

అసలు పొరపాటు నా ప్రోగ్రామ్‌లో ఉంది. రెండోసారి డైమండ్ బిట్ పెట్టినా, చెక్కకి రాసినట్టే నిటారుగా కిందకి దింపాను. బిట్ సరిగ్గా మధ్యలో వేగం సున్నా, అక్కడ అది రాయిని నొక్కుతుంది తప్ప కోయదు. క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో ర్యాంప్ లేదా హెలికల్ ఎంట్రీ పెట్టండి. గ్రానైట్‌లో ఒక్కో పాస్‌కి 0.2 నుంచి 0.5 ఎంఎం లోతుతో మొదలుపెట్టండి. రంధ్రాలకైతే మధ్యలో బోలుగా ఉండే కోర్ బిట్ వాడండి.

నీళ్లు బిట్‌కే కాదు, మీ ఊపిరితిత్తులకీ

'వాటర్ కూల్డ్ స్పిండిల్' అని చూసి మోసపోకండి. ఆ నీళ్లు మోటార్ లోపల తిరుగుతాయి, బిట్ మీద పడవు. బిట్‌కి వేరే పంపు, పైపు కావాలి. కింద ఎండీఎఫ్ బోర్డు ఉంటే తడికి ఉబ్బుతుంది, ట్రే పెట్టండి. రాతి బురద రెయిల్స్‌లోకి పోకుండా కవర్లు, కరెంట్ లైన్‌కి ఆర్‌సీసీబీ తప్పనిసరి.

గ్రానైట్ పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. అది నయం కాదు. క్యాన్సర్‌కి కూడా కారణమని తేలింది. సిలికా ఎక్కువగా ఉండే ఇంజనీర్డ్ స్టోన్‌ని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. కాబట్టి 'ఒక్క బోర్డే కదా' అని పొడిగా నడపొద్దు. నీళ్లున్నా మంచి రెస్పిరేటర్ మాస్క్ పెట్టుకోండి. రుమాలు చాలదు. ఆరిన పొడిని చీపురుతో ఊడ్వకండి, తడిపి తీయండి.

మా మాట

అప్పుడప్పుడూ మార్బుల్ పని అయితే ఎలక్ట్రోప్లేటెడ్ చాలు. వేగంగా రఫ్ చేయాలంటే బ్రేజ్డ్. రోజూ గ్రానైట్ అయితే రాయికి తగ్గ బాండ్ ఉన్న సింటర్డ్. బడ్జెట్ తక్కువైతే బిట్ మీద కాస్త తగ్గించుకోండి, నీళ్ల పంపు మీద, మాస్క్ మీద మాత్రం కాదు.

ఆ నేమ్ బోర్డు మూడో స్లాబ్ మీద వచ్చింది. గృహప్రవేశానికి ఒక రోజు ముందే ఇచ్చేశాం. బావ ఇప్పుడు కొత్త రాయి ఏది వచ్చినా ముందు జేబులోంచి చాకు తీస్తున్నాడు.