గుండె ఎందుకు జారుతుంది?

ఈ సెలవుల్లో మీ ఇంటిల్లిపాదీ కలిసి వినోదాల పార్కుకు బయలుదేరారనుకొందాం. హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లా కావచ్చు. లేదా బెంగుళూరు నుంచి మైసూరు వెళ్లే దారిలో, బిడది దగ్గర, 2005 నుంచి నడుస్తున్న వండర్‌లా కావచ్చు. ఇక్కడ రాత్రి బస చేయడానికి రిసార్టు కూడా ఉంది. టికెట్ల ఖరీదు చూసి నాన్నగారు ఒకసారి నిట్టూరుస్తారు. అంత డబ్బు పోసి మనం అక్కడ కొనుక్కొనేది ఏమిటి? వేగం అంటారు మీరు. కాదు. మన బరువు మారడాన్ని కొనుక్కొంటున్నాం.

వేగం మన ఒంటికి తెలియనే తెలియదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే రైల్లో తాతయ్య హాయిగా టీ తాగుతారు. విమానం అంతకు ఎనిమిది రెట్ల వేగంతో పోతున్నా ప్రయాణికులు గుర్రుపెట్టి నిద్రపోతారు. అంతెందుకు, భూమి మనందరినీ ఎక్కించుకొని సూర్యుని చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పరుగెత్తుతోంది. మీకేమైనా తెలుస్తోందా? వేగం గాని, పోయే దిక్కు గాని మారినప్పుడే ఒంటికి తెలుస్తుంది. ఈ మార్పునే మీ పాఠ్యపుస్తకంలో త్వరణం అన్నారు.

బరువు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. భూమి మనల్ని లాగుతోంది కాబట్టి బరువు తెలుస్తోందని అనుకొంటాం. నిజానికి మనకు తెలిసేది ఆ లాగడం కాదు, కింద ఉన్న నేలో కుర్చీయో మనల్ని పైకి నెట్టడం. నేల పాదాలను, కుర్చీ పిరుదులను నెడుతుంది, ఎముకలు పైనున్న అవయవాలను మోస్తాయి. కడుపులోని పేగులు, జీర్ణాశయం తమ పొరల నుంచి వేలాడుతూ కొంచెం కిందికి సాగి ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంటున్నాం గనుక పట్టించుకోం. కుర్చీ నెట్టడం ఒక్క క్షణం మానేస్తే? సాగిన పొరలు వదులవుతాయి, పేగులు ఉన్న చోటి నుంచి కాస్త పైకి తేలతాయి. "గుండె జారింది" అంటామే, అదే ఇది. జారేది గుండె కాదు, తేలేది కడుపు!

పార్కుకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక ప్రయోగం చేయండి. ఖాళీ నీళ్ల సీసాకు అడుగు దగ్గర పక్కగా మేకుతో చిన్న బెజ్జం పెట్టండి. నీళ్లు నింపి, మూత తీసి పట్టుకొంటే బెజ్జంలోంచి సన్నగా ధార కారుతుంది. ఇప్పుడు పెరట్లో ఒక ఎత్తైన గట్టు ఎక్కి సీసాను వదిలేయండి. కింద పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. పైనున్న నీరు కింది నీటిని నొక్కితేనే ధార వస్తుంది. రెండూ కలిసి పడుతున్నప్పుడు ఎవరు ఎవరిని నొక్కాలి? ఎత్తైన స్తంభం మీదికి కుర్చీలను ఎక్కించి, ఒక్కసారిగా వదిలేసే ఆట ఉంటుంది చూశారా, అందులో ఆ సీసాలోని నీరు మీరే.

ఇక అసలు సిసలు రోలర్ కోస్టర్ దగ్గరకు వద్దాం. దీని తాత రష్యాలో పుట్టాడు. చలికాలంలో కొయ్య దిబ్బలు కట్టి, మంచుగడ్డ పరిచి, వాటి మీంచి జారేవారు. అమెరికాలో 1884లో థాంప్సన్ అనే ఆయన న్యూయార్కు దగ్గర కోనీ ఐలాండ్‌లో పట్టాల మీద ఇలాంటి జారుడుబండిని నడిపి, మనిషికి 5 సెంట్లు వసూలు చేశాడు. దాని వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లే. ఈ రోజుల్లో మన సైకిలే నయం.

అప్పుడూ ఇప్పుడూ సూత్రం ఒక్కటే. ఇంజను బండి మీద ఉండదు. ఒక గొలుసు బండిని పట్టుకొని మొదటి గుట్ట పైకి లాగుతుంది. అప్పుడు టకటకమని వినిపించే చప్పుడు బండి విరిగిపోతున్న చప్పుడు కాదు. గొలుసు తెగినా బండి వెనక్కు జారకుండా, దాని కింద ఉన్న ఇనుప నాలుక మెట్టుమెట్టుకూ తగులుకొంటూ పోయే చప్పుడు అది. అది వినిపిస్తున్నంతసేపూ నిశ్చింతగా ఉండవచ్చు. గుట్ట పైకి చేరేసరికి బండిలో స్థితిశక్తి నిండుతుంది. ఆ తరువాత అంతా ఆ మూలధనాన్ని ఖర్చు పెట్టుకోవడమే. కిందికి దిగితే స్థితిశక్తి గతిశక్తి అవుతుంది, మళ్లీ ఎక్కితే గతిశక్తి స్థితిశక్తి అవుతుంది. ఘర్షణ, గాలి నిరోధం దారిపొడుగునా సుంకం వసూలు చేస్తుంటాయి. అందుకే రెండో గుట్ట ఎప్పుడూ మొదటి దానికంటె పొట్టిగా ఉంటుంది.

గుట్ట 40 మీటర్ల ఎత్తు అనుకొని లెక్క వేద్దాం. ఎత్తును గురుత్వ త్వరణం 9.8తోను, మళ్లీ 2తోను గుణిస్తే 784. దాని వర్గమూలం 28. అంటే అడుగుకు చేరేసరికి బండి సెకనుకు 28 మీటర్లు, గంటకు 100 కిలోమీటర్లకు కాస్త పైగా వేగంతో ఉంటుంది. ఈ లెక్కలో ఎక్కడైనా మన బరువు వచ్చిందా? రాలేదు. బొద్దుగా ఉన్న మామయ్యకూ బక్కపలుచని మీకూ వేగం ఒకటే. నిజంగా చూస్తే నిండు బండి ఖాళీ బండికంటె కొద్దిగా వేగంగానే పోతుంది. బరువైన బండిని ఆపడం గాలికి కష్టం గదా!

ఏ పెట్టెలో కూర్చోవాలన్నది ఇంటిల్లిపాదికీ తగవు. ముందు పెట్టె శిఖరం దాటేటప్పటికి వెనక బండంతా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, కాబట్టి అది నింపాదిగా వంగుతుంది. చివరి పెట్టె శిఖరానికి వచ్చేసరికి బండిలో సగానికి పైగా అవతలి వైపు దిగుతూ ఉంటుంది. చివరి పెట్టెను అది వేగంగా గుంజుతుంది. దారి కిందికి వంగింది, మీ శరీరం మాత్రం జడత్వం వల్ల తిన్నగా పోబోతుంది. అంటే సీటు నుంచి పైకి లేస్తారు. ఒడి మీది కడ్డీ లేకపోతే అలాగే గాల్లోకి పోతారు. బండి కూడా పట్టాల మీంచి లేచిపోకూడదు గదా! అందుకే చక్రాలు పట్టాల పైనే కాక పక్కనా, కిందా కూడా ఉంటాయి. కింది చక్రాల ఏర్పాటుకు 1919లో జాన్ మిల్లర్ అనే అమెరికన్ పేటెంటు పొందాడు.

ఆ కడ్డీయే గేటు దగ్గర మీ తమ్ముడి ఏడుపుకు కారణం. అక్కడ ఎత్తు కొలిచే బోర్డు పెట్టి, ఆ గీతకు అందని వాణ్ణి వెనక్కు పంపేస్తారు. వాడు ముని వేళ్ల మీద నిలబడతాడు. కొందరు పెద్దవాళ్లే ఎత్తు మడమల చెప్పులు తొడిగి మరీ తెస్తారు. వద్దు, చెప్పకండి అలాంటి ఉపాయాలు! ఆ గీత ధైర్యాన్ని కొలిచేది కాదు. కడ్డీ పట్టు మనిషి తొడల మీద, భుజాల మీద ఆధారపడుతుంది. చిన్నవాడి తుంటి సన్నం, కాళ్లు నేలకు అందవు. పక్కన పెద్దవాడు కూర్చొని ఇద్దరికీ ఒకే కడ్డీ దిగితే అది పెద్దవాడి తొడ దగ్గరే ఆగిపోతుంది, పిల్లవాడి మీద ఖాళీ మిగులుతుంది. సీటు నుంచి పైకి లేచే ఆ అర సెకనులో ఆ ఖాళీయే ప్రమాదం. పైగా చిన్న పిల్లలకు శరీరంతో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలు బలహీనం.

మెడ మాట వచ్చింది కాబట్టి నిలువు చుట్టు సంగతి చెప్పాలి. బండి తలకిందులుగా తిరిగే ఆ లూపు చూసి, "పైన ఉన్నప్పుడు పడిపోమా?" అని అమ్మ అడుగుతుంది. చెంబులో నీళ్లు పోసి గిర్రున తిప్పితే నీళ్లు ఒలకవని ఆమెకూ తెలుసు. తగినంత వేగం ఉంటే పైన కూడా పట్టాలే మనల్ని లోపలికి నెడుతుంటాయి. అసలు కష్టం పైన లేదు, కింద ఉంది.

1895లో అదే కోనీ ఐలాండ్‌లో సుమారు 25 అడుగుల వ్యాసం గల లూపు ఒకటి కట్టారు. గీసినట్టు గుండ్రంగా, చక్కని వృత్తం. ఎక్కినవాళ్లు మెడలు పట్టుకొని దిగేవారు. ఎందుకో పదో తరగతి లెక్కలతోనే తేల్చవచ్చు. పై కొసలో పడిపోకుండా ఉండాలంటే అక్కడ వేగం యొక్క వర్గం, వ్యాసార్ధాన్ని గురుత్వ త్వరణంతో గుణించినంత అయినా ఉండాలి. అక్కడి నుంచి వ్యాసం అంత ఎత్తు దిగితే వేగం యొక్క వర్గం దానికి 5 రెట్లు అవుతుంది. అప్పుడు బండిని వృత్తంలో తిప్పడానికే బరువుకు 5 రెట్ల బలం కావాలి. మామూలు బరువు మోయడానికి ఇంకొకటి. మొత్తం 6 రెట్లు! లూపు చిన్నదైనా పెద్దదైనా ఇంతే, వ్యాసార్ధం లెక్కలో కొట్టుకుపోతుంది. ఒక తల 4 కిలోలు ఉందనుకొంటే అది 24 కిలోలు తూగుతుంది. ఇంచుమించు ఒక బియ్యం బస్తాను మెడ మీద పెట్టినట్టు. అదీ నెమ్మదిగా కాదు. బల్లపరుపు దారి నుంచి వృత్తంలోకి చక్రం పెట్టిన క్షణానే.

ఇంకో చిక్కు ఏమిటంటే రక్తానికీ బరువు పెరుగుతుంది. గుండె దాన్ని మెదడుకు ఎక్కించలేకపోతే కళ్ల ముందు బూడిద రంగు కమ్ముతుంది, ఇంకాసేపైతే స్పృహ తప్పుతుంది. యుద్ధ విమాన చోదకులు కాళ్లనూ పొట్టనూ బిగించే ప్రత్యేకమైన దుస్తులు వేసుకొనేది ఇందుకే. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణీ స్త్రీలు ఎక్కరాదని బోర్డు రాసి ఉంటే అది ఎవరో భయస్తుడు రాసింది కాదన్నమాట.

లూపు ఆలోచన చాలాకాలం మూలన పడింది. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మ్యాజిక్ మౌంటెన్ అనే పార్కులో మళ్లీ లేచింది. కట్టింది జర్మనీకి చెందిన ష్వార్జ్‌కోఫ్, లెక్కలు కట్టింది ష్టెంగెల్ అనే ఇంజనీరు. వీళ్లు వృత్తాన్ని వదిలేశారు. లూపు అడుగున వ్యాసార్ధం పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నది. కనుక ఆకారం నీటిబొట్టును పోలి ఉంటుంది. వేగం ఎక్కువగా ఉన్న చోట వంపు తక్కువ, వేగం తగ్గిన చోట వంపు ఎక్కువ. మెడ మీది భారం తగ్గింది, వచ్చేది కూడా క్రమంగా వస్తుంది. కొత్త గణితమేమీ కాదు. రైలు పట్టాలను తిన్నని దారి నుంచి మలుపులోకి తీసుకుపోయేటప్పుడు ఇంజనీర్లు అప్పటికే ఇలా క్రమంగా బిగిసే వంపును వాడుతున్నారు. ఈసారి పార్కులో లూపును పక్క నుంచి చూసి, గుండ్రంగా ఉందో బొట్టులా ఉందో గమనించండి. బండి ఎక్కనివాళ్లకు ఈ పని అప్పగించవచ్చు.

చివర బండిని ఆపేదెవరు? చాలా చోట్ల అయస్కాంతాలు! పట్టాల మధ్య బలమైన అయస్కాంతాల వరస ఉంటుంది, బండి కింది రాగి రెక్క వాటి నడుమ దూసుకుపోతుంది. కదిలే లోహంలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో కనిపెట్టాడు. ఆ విద్యుత్తు తనను పుట్టించిన కదలికనే అడ్డుకొంటుందని 1834లో లెంజ్ చెప్పాడు. కరెంటు పోయినా ఈ బ్రేకు పనిచేస్తుంది, ఎందుకంటే దానికి కావలసిన కరెంటు అదే పుట్టించుకొంటుంది. రాగికి రాపిడి లేదు, అరుగుదలా లేదు. కానీ ఒక లోపం ఉంది. బండి నెమ్మదించేకొద్దీ బ్రేకూ నెమ్మదిస్తుంది, పూర్తిగా నిలపలేదు. కడపటి రెండు మూడు అడుగులకు మామూలు రాపిడి బ్రేకు కావలసిందే. ఇంట్లో అల్యూమినియం గొట్టం ఉంటే, దానిలో పట్టే చిన్న బలమైన అయస్కాంతాన్ని నిలువుగా జారవిడిచి చూడండి. అదే కొలత మేకు ఠపీమని పడుతుంది. అయస్కాంతం తీరిగ్గా దిగుతుంది.

జేబులోని ఫోనును కింద లాకరులో పెట్టమంటే విసుక్కోకండి. 200 గ్రాముల ఫోను 40 మీటర్ల ఎత్తు నుంచి జారితే, కిలో రాయి 8 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండో అంతస్తు పైకప్పు నుంచి పడినంత శక్తితో కిందివాళ్ల నెత్తిన పడుతుంది. ఇక గో-కార్టు అనే చిన్న కార్ల దగ్గర చున్నీ, విరబోసుకొన్న జడ మరీ ప్రమాదం. వాటి ఇరుసు సీటు వెనకనే వేగంగా తిరుగుతుంది, పోగు చిక్కితే లాగుతూనే పోతుంది. మన దేశంలో ఇలా ప్రాణాలు పోయాయి. అక్కకు చెప్పి జడ ముడి వేయించి, తలకు హెల్మెట్ పెట్టించండి. చున్నీ అమ్మకు ఇచ్చి వెళ్లమనండి.

గిర్రున తిరిగే ఆటలను మధ్యాహ్నం భోజనం కాగానే ఎక్కవద్దు. చెవి లోపల మూడు అర్ధవలయ నాళాలున్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. మీరు ఆగినా ఆ ద్రవం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. "ఆగాం" అని కళ్లు, "తిరుగుతున్నాం" అని చెవులు మెదడుకు చెబుతాయి. ఆ తగాదాలో నష్టపోయేది పొట్ట.

రాత్రి రిసార్టుకు చేరాక లిఫ్టు ఎక్కుతారు గదా! పెట్టెల బరువు చూసే కొక్కెం తూనిక ఇంటి నుంచి తెచ్చి ఉంటే, దానికి ఒక నిండు నీళ్ల సీసా తగిలించి పట్టుకోండి. లిఫ్టు పైకి బయలుదేరే క్షణాన అంకె పెరుగుతుంది, పై అంతస్తులో ఆగబోయే క్షణాన తగ్గుతుంది. పగలు మీ కడుపు పసిగట్టినదే అది. మధ్య దారిలో, లిఫ్టు ఒకే వేగంతో పోతున్నప్పుడు తూనిక ఎంత చూపుతుంది? ఎక్కక ముందే మీ జవాబు, తాతయ్య జవాబు కాగితం మీద రాసి పెట్టుకోండి.