పోలీస్ వైర్‌లెస్ టవర్లో మార్పు జరిగిందా? కంట్రోల్ చానెలే చెప్పేస్తుంది!

నిన్నటిదాకా బాగా వినిపించిన స్కానర్ ఇవాళ సైలెంట్ అయిందా? గ్యాడ్జెట్ పాడైందని కంగారు పడకండి, టవర్ ఫ్రీక్వెన్సీ మారి ఉండొచ్చు.

అమెరికాలోని మిషిగన్‌నే తీసుకోండి. అక్కడ పోలీస్, ఫైర్, అంబులెన్స్ సిబ్బంది వాడే ఎంపీఎస్‌సీఎస్ నెట్‌వర్క్‌కు రాష్ట్రమంతా 200కు పైగా టవర్లున్నాయి. ఇది పీ25 స్టాండర్డ్‌పై నడుస్తుంది. ఇందులో ప్రతి సైట్ తన నంబర్, ఫ్రీక్వెన్సీ, పక్క సైట్ల లిస్ట్‌ను కంట్రోల్ చానెల్‌లో ఆగకుండా పంపుతూనే ఉంటుంది. మాటలు ఎన్‌క్రిప్ట్ అయినా ఈ సమాచారం సాధారణంగా ఓపెన్‌గానే ఉంటుంది.

మరి ఎలా గమనించాలి? ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, ఉచితంగా దొరికే ఎస్‌డీఆర్‌ట్రంక్ సాఫ్ట్‌వేర్ చాలు. కనిపించిన వివరాలను తేదీతో సహా రాసిపెట్టుకుని, వారం తర్వాత పోల్చి చూడండి.

* లిస్ట్‌లో కొత్త సైట్ నంబర్ వచ్చిందా? కొత్త టవర్ కావొచ్చు. ఎఫ్‌సీసీ లైసెన్స్ డేటాబేస్‌లో చెక్ చేయండి.
* కంట్రోల్ చానెల్ మాత్రమే మారిందా? తొందరపడొద్దు. ఒక్కో సైట్‌కు ఇలాంటి ఫ్రీక్వెన్సీలు కొన్ని ఉంటాయి, వాటి మధ్య మారడం మామూలే.
* పక్క సైట్ 'ఫెయిల్యూర్' అని చూపిస్తోందా? ఇదే అసలు విషయం. తుపాను రోజున ఆ టవర్ కిందున్న ఫైర్ సిబ్బందికి కంట్రోల్ రూమ్‌తో లింక్ తెగే ప్రమాదం ఉంది.

ఒక్క హెచ్చరిక: న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో కారులో స్కానర్‌పై ఆంక్షలున్నాయి. అక్కడున్న మనవాళ్లు ముందు రూల్స్ చూసుకోండి. మన దేశంలో అనుమతి లేకుండా పోలీస్ వైర్‌లెస్ వినడం నేరం. ఇక్కడ మాత్రం ట్రై చేయొద్దు!