క్యాండిడేట్స్ టోర్నీ: ఎనిమిది స్థానాలు, ఇరుకైన దారులు

ప్రపంచ చదరంగ విజేతను సవాలు చేసే హక్కు ఎవరిదో తేల్చే పోటీని క్యాండిడేట్స్ టోర్నీ అంటారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే సాధారణంగా రెండేళ్లకొకసారి నిర్వహించే ఈ పోటీలో ఒక్కో విభాగానికి ఎనిమిది మందికే చోటు ఉంటుంది. 2026లో ఓపెన్, మహిళల విభాగాలు రెండింటినీ మార్చి 28 నుంచి ఏప్రిల్ 16 వరకు సైప్రస్‌లో జరపాలని నిర్ణయించారు. ఓపెన్ విభాగం విజేతకు ప్రపంచ విజేత దొమ్మరాజు గుకేశ్‌తోనూ, మహిళల విభాగం విజేతకు చైనాకు చెందిన జూ వెన్‌జున్‌తోనూ తలపడే హక్కు లభిస్తుంది. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ పీఠం మీద ఉండటం, మహిళల విభాగానికి కోనేరు హంపి అర్హత సాధించడం, వరంగల్‌కు చెందిన ఇరిగేశి అర్జున్‌కు మాత్రం చోటు దక్కకపోవడం కలిపి చూస్తే, ఆటగాడి బలానికీ ఈ ఎనిమిది మందిలో స్థానానికీ మధ్య నేరు దారి లేదని స్పష్టమవుతుంది.

ఈ పోటీ చరిత్ర 1950లో బుడాపెస్ట్‌లో మొదలైంది. 1946లో ప్రపంచ విజేత అలెగ్జాండర్ అలెఖిన్ కన్నుమూసే వరకు, తనతో ఎవరు ఆడాలో, ఎంత సొమ్ము పందెం కాయాలో విజేతే నిర్ణయించే ఆనవాయితీ ఉండేది. ఆ పెత్తనాన్ని తొలగించి, పోటీదారును ఆట ద్వారానే ఎంపిక చేసే బాధ్యతను ఫిడే తన చేతిలోకి తీసుకుంది. అయితే 1962లో కురసావ్ దీవిలో జరిగిన టోర్నీలో సోవియట్ ఆటగాళ్లు తమలో తాము ముందే డ్రాలకు ఒప్పుకుని బలాన్ని ఇతరుల మీద ప్రయోగించారని అమెరికన్ ఆటగాడు బాబీ ఫిషర్ ఆరోపించడంతో, ఆ తర్వాతి దఫా నుంచి అందరూ అందరితో ఆడే పద్ధతిని పక్కనబెట్టి ఇద్దరిద్దరి మధ్య ముఖాముఖి పోరాటాలు ప్రవేశపెట్టారు. 2013లో లండన్‌లో ఎనిమిది మందీ అందరితో ఆడే పద్ధతి తిరిగి వచ్చి స్థిరపడ్డాక కూడా పాత అనుమానానికి విరుగుడు నియమావళిలో నిలిచే ఉంది: ఒకే దేశానికి చెందిన ఆటగాళ్లు పోటీ ప్రారంభ రౌండ్లలోనే పరస్పరం ఆడి తీరాలి. 2024లో టొరంటోలో భారత ఆటగాళ్లు గుకేశ్, ప్రజ్ఞానంద, విదిత్ గుజరాతీ తమ మధ్య తొలి విడత ఆటలను మొదటి మూడు రౌండ్లలోనే ముగించడానికి కారణం ఈ నియమమే.

ఆటగాళ్ల బలాన్ని కొలిచే సాధనం రేటింగ్. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాడ్ ఎలో రూపొందించిన ఈ లెక్కను ఫిడే 1970లో స్వీకరించింది. ఇద్దరి రేటింగులూ సమానమైతే ఒక్కొక్కరి నుంచి అర పాయింటు, నూరు తేడా ఉంటే పై ఆటగాడి నుంచి సుమారు 0.64 పాయింటు ఆశించవచ్చునని ఈ లెక్క చెబుతుంది. ఆశించినదానికీ సాధించినదానికీ మధ్య వ్యత్యాసాన్ని, అగ్రశ్రేణి ఆటగాళ్ల విషయంలో పదితో హెచ్చించి, పాత రేటింగుకు కలుపుతారు లేదా అందులోంచి తీసివేస్తారు. ఉదాహరణకు 2780 రేటింగు ఉన్న ఆటగాడు 2680 రేటింగు ఉన్న ప్రత్యర్థిని ఓడిస్తే దక్కేది 3.6 మాత్రమే కాగా, ఆ ఆట డ్రా అయితే 1.4 కోల్పోవలసి వస్తుంది. అందువల్ల శిఖరం దగ్గర ఉన్నవారికి తమకంటే బలహీనులతో ఆడే ప్రతి ఆటా లాభం తక్కువ, నష్టం ఎక్కువైన బేరమే అవుతుంది.

అయితే రేటింగు ద్వారా ఈ టోర్నీలో నేరుగా చోటు దక్కేది ఒక్కరికే. 2026 ఓపెన్ విభాగంలో మూడు స్థానాలను ప్రపంచ కప్‌కు, రెండింటిని గ్రాండ్ స్విస్ టోర్నీకి, 2024, 2025 సంవత్సరాల ఫిడే సర్క్యూట్‌కు ఒక్కొక్కటి చొప్పున రెండింటిని, మిగిలిన ఒక్కదానిని ఆరు నెలల సగటు రేటింగుకు కేటాయించారు. ప్రపంచ కప్ ఓడినవారు వెంటనే నిష్క్రమించే నాకౌట్ పోటీ. స్విస్ పద్ధతిలో ఎవరూ నిష్క్రమించకుండా, ప్రతి రౌండులోనూ దాదాపు సమాన పాయింట్లు ఉన్నవారిని జతపరుస్తారు. ఏడాది పొడవునా వివిధ టోర్నీలలో సాధించిన ఫలితాలకు పాయింట్లిచ్చి వరుస కట్టేదే సర్క్యూట్. రేటింగు స్థానం ఆశించేవారు సుదీర్ఘ కాలవ్యవధి ఉండే క్లాసికల్ ఆటలు కనీసం 40 ఆడి ఉండాలన్న నిబంధన ఉన్నందున, అప్పట్లో ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకముర 2025లో లూసియానా, అయోవా వంటి రాష్ట్రాలలోని స్థానిక పోటీలకు వెళ్లి, తనకంటే ఎన్నో వందల పాయింట్లు తక్కువ ఉన్న ఆటగాళ్లతో ఆడి లెక్క పూర్తి చేసుకోవలసి వచ్చింది.

ఈ దారులన్నింటి అంచులదాకా వెళ్లి ఆగిపోయిన ఆటగాడు అర్జున్. 2023 డిసెంబరులో చెన్నై గ్రాండ్‌మాస్టర్స్ టోర్నీలో గుకేశ్, అర్జున్ ఇద్దరూ ఏడు ఆటల్లో 4.5 పాయింట్లు సాధించగా, సమాన పాయింట్లు వచ్చినప్పుడు వరుస తేల్చే టైబ్రేక్ లెక్కలో గుకేశ్ ముందు నిలిచాడు. ఆ ఏడాది సర్క్యూట్ ద్వారా గుకేశ్‌కు టొరంటో దారి తెరుచుకోవడంలో ఆ విజయం కీలకమైంది. 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగుతో, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడిగా అర్జున్ నిలిచినా, ఆ ఏడాది సర్క్యూట్ స్థానం ఫాబియానో కరువానాకు దక్కింది. 2025 నవంబరులో గోవాలో జరిగిన ప్రపంచ కప్‌లో పీటర్ లెకో, లెవాన్ అరోనియన్ వంటి దిగ్గజాలను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరిన అతడు, క్లాసికల్ ఆటలు సమానమయ్యాక తక్కువ సమయంలో ఆడే ర్యాపిడ్ ఆటల్లో చైనా ఆటగాడు వెయ్ యీ చేతిలో ఓడిపోయాడు.

హంపి ప్రస్థానం ఇందుకు మరో కోణం. గుడివాడలో పుట్టి, తండ్రి కోనేరు అశోక్ శిక్షణలో ఎదిగి, 2002లో 15 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ హోదా పొంది, ఆ ఘనత సాధించిన మహిళల్లో అప్పటికి అతి పిన్న వయస్కురాలిగా జూడిత్ పోల్గార్ రికార్డును అధిగమించిన ఆమె, 2011లో ప్రపంచ టైటిల్ పోరులో చైనాకు చెందిన హౌ యీఫాన్ చేతిలో ఓడింది. మాతృత్వం కోసం ఆటకు విరామమిచ్చి తిరిగివచ్చాక 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్లు గెలుచుకుంది. 2025 జులైలో బటూమీలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో నాగపూర్‌కు చెందిన దివ్య దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడినా, మొదటి ముగ్గురికీ అర్హత ఉండటం వల్ల ఆమెకు చోటు ఖాయమైంది. ఆ పోటీలో అసలైన మలుపు సెమీఫైనల్: చైనాకు చెందిన లెయ్ టింగ్‌జీతో ఆట పలు దశల టైబ్రేక్‌లకు సాగగా, హంపి పట్టు విడవకుండా గట్టెక్కింది.

క్యాండిడేట్స్ టోర్నీలో ప్రతి ఒక్కరూ మిగిలిన ఏడుగురితో తెల్ల పావులతో ఒకసారి, నల్ల పావులతో ఒకసారి తలపడతారు కనుక మొత్తం 14 రౌండ్లు ఉంటాయి. టొరంటోలో ఓపెన్ విభాగంలో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి రెండు గంటల సమయం ఇచ్చారు. ఏడో రౌండులో సమయం కరిగిపోతుండగా తడబడి అలీరెజా ఫిరూజా చేతిలో ఓడిన గుకేశ్, తర్వాతి రౌండులోనే నల్ల పావులతో విదిత్‌ను ఓడించి తేరుకున్నాడు. చివరి రౌండులో అతడు నకమురతో డ్రా చేసుకోగా, మరో బల్ల మీద ఇయాన్ నెపోమ్‌నియాచిపై గెలుపు అవకాశాలను కరువానా చేజార్చుకుని డ్రాతో సరిపెట్టుకున్నాడు. గుకేశ్‌కు 9 పాయింట్లు, తర్వాతి ముగ్గురికీ తలా 8.5 వచ్చాయి. ఆ అర పాయింటు ఆధిక్యమే 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్‌ను ఓడించి, 18 ఏళ్ల వయసులో ప్రపంచ విజేత కావడానికి బాట వేసింది.

ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగు పాఠకులకు ఈ నిచ్చెన కింది మెట్లు మరీ దూరంలో లేవు. ఆ జిల్లాలోని హుమ్మ, హౌరా–చెన్నై రైలు మార్గంలో బరంపురానికీ భువనేశ్వర్‌కూ మధ్య ఉంది. ఆ భువనేశ్వర్‌లోని కిట్ విశ్వవిద్యాలయం అంతర్జాతీయ ఓపెన్ పోటీలతో పాటు 2016లో ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్‌కూ ఆతిథ్యమిచ్చింది. అందులో అమెరికాకు చెందిన జెఫరీ షాంగ్, కజకిస్థాన్‌కు చెందిన దినారా సదువకాసోవా విజేతలయ్యారు. జూనియర్ టైటిల్ విలువ తెలుగు చదరంగానికి కొత్త కాదు; 2001లో హంపి, 2008లో ద్రోణవల్లి హారిక బాలికల విభాగంలోనూ, 2004లో గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ ఓపెన్ విభాగంలోనూ ఆ టైటిల్ గెలిచినవారే. ఒడిశా నుంచి తొలి గ్రాండ్‌మాస్టర్‌గా దేబాశిష్ దాస్ ఎదగగా, 2014 ఒలింపియాడ్‌లో పద్మినీ రౌత్ వ్యక్తిగత స్వర్ణం సాధించింది. గ్రాండ్‌మాస్టర్ హోదాకు 2500 రేటింగుతో పాటు విదేశీయులు, గ్రాండ్‌మాస్టర్లు తగినంత మంది ఉన్న పోటీలలో మూడుసార్లు నిర్దిష్ట స్థాయి ప్రదర్శన చేయవలసి ఉన్నందున, అటువంటి పోటీ రైలు ప్రయాణంలో చేరుకోగలిగినంత దగ్గర జరగడం మధ్యతరగతి కుటుంబాలకు ఖర్చులోనూ, చదువు నష్టపోకుండా ఉండటంలోనూ పెద్ద ఊరట.

ప్రపంచంలోని మొదటి ఎనిమిది మందిని రేటింగు వరుసలో పిలిచి కూర్చోబెడితే అర్జున్‌కు న్యాయం జరిగి ఉండేదన్న వాదనలో బలం ఉంది. కానీ అప్పుడు పైన ఉన్నవారు రేటింగు కాపాడుకోవడానికి ఆడటమే మానుకునే ప్రమాదం ఉండేది. నాకౌట్‌లోనూ, స్విస్‌లోనూ నిలదొక్కుకుని కిందినుంచి వచ్చే ఆటగాడికి తలుపు మూసుకుపోయేది. నకమురకు ఎదురైన 40 ఆటల నిబంధన వెనుక ఉన్న ఆలోచన కూడా అలా ఆడటం మానుకోకుండా చూడటమే. ఇన్ని దారులు పెట్టడంలో కొంత అన్యాయం తప్పకపోయినా, కాగితం మీది అంకె కంటే బల్ల మీది ఆటకే విలువ నిలబెట్టడం వల్ల, ఈ పద్ధతి చదరంగానికి చేసే మేలే ఎక్కువ.