చలిలో కారు రిమోట్ స్టార్ట్: ఎంతసేపు ఆన్‌లో ఉంచాలి? ఎక్కడ చేయకూడదు?

షికాగో, డెట్రాయిట్ లాంటి చోట్ల జనవరి వచ్చిందంటే తెల్లారేసరికి కారు అద్దాలు మంచుతో కప్పుకుపోతాయి. అక్కడుండే మనవాళ్లకు రిమోట్ స్టార్ట్ చాలా పనికొచ్చే ఫీచర్. కీ మీద బటన్ నొక్కినా, ఫోన్ యాప్‌లో ట్యాప్ చేసినా ఇంజిన్, హీటర్ ఆన్ అవుతాయి. డోర్లు లాక్ అయ్యే ఉంటాయి.

మరి ఎంతసేపు ఉంచాలి? కార్బ్యురేటర్ల కాలంలో ఇంజిన్ వేడెక్కేదాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లకు సాధారణంగా 30 సెకన్లు చాలు. నిలబెట్టి ఉంచడం కంటే మెల్లగా నడిపితేనే త్వరగా వేడెక్కుతాయి. అద్దాల మీద మంచు కరగడానికి మాత్రం ఇంకొన్ని నిమిషాలు పడుతుంది. అంతకుమించి ఆన్‌లో ఉంచితే పెట్రోల్ దండగే.

అసలు జాగ్రత్త ఇక్కడే. గ్యారేజీలో ఉన్న కారును రిమోట్ స్టార్ట్ చేయొద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది ఇంట్లోకి చేరితే నిద్రలోనే ప్రాణం పోవచ్చు. బయట పార్క్ చేసినా, రాత్రి మంచు బాగా కురిస్తే సైలెన్సర్ గొట్టం పూడిపోతుంది. అప్పుడు ఆ పొగ కారు లోపలికే రావచ్చు. కాబట్టి ముందు గొట్టం చుట్టూ మంచు తీసేయండి, ఆ తర్వాతే బటన్ నొక్కండి.

ఎలక్ట్రిక్ కారైతే ఈ పొగ గొడవే లేదు. ఛార్జర్‌కు ప్లగ్ చేసి ఉండగానే యాప్‌లో ప్రీకండిషనింగ్ ఆన్ చేయండి. వేడికి కావాల్సిన కరెంట్ చాలావరకు ఛార్జర్ నుంచే వస్తుంది, బ్యాటరీ రేంజ్ ప్రయాణానికి మిగులుతుంది.