కన్నది కుంతి... పేరు మాత్రం రాధేయుడు!

మహాభారతంలో కర్ణుడికి ఎన్ని పేర్లో! సూర్యపుత్రుడు, అంగరాజు, కుంతికి పెద్ద కొడుకు. అయినా చివరి దాకా అతను వదులుకోని పేరు ఒక్కటే, రాధేయుడు. అంటే రాధ కొడుకు. నదిలో కొట్టుకొచ్చిన పెట్టెలో కనిపించిన పసిగుడ్డును గుండెకు హత్తుకున్న సారథి భార్య పేరు రాధ. యుద్ధానికి ముందు కృష్ణుడు వచ్చి "నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే" అన్నా కర్ణుడు కదల్లేదు. వ్యాసుడి ఉద్యోగపర్వంలో అతను చెప్పే కారణాలు వింటే ఏ ఆడదానికైనా మనసు కరుగుతుంది. తనను చూడగానే రాధకు చేపు వచ్చి పాలు కారాయట. తన మలమూత్రాలు ఆమె చేతులతో ఎత్తిందట. అలాంటి తల్లిని కాదని ఎలా పోతానంటాడు. ఆ ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసింది మన నెల్లూరు తిక్కనే.

నా మటుకు నాకు ఈ రాధమ్మ పుస్తకంలో పరిచయం కాలేదు, టీవీలో అయింది.

ఆదివారం పొద్దున...

1987 జనవరి 25న దూరదర్శన్‌లో 'రామాయణ్' మొదలైంది. అది 1988 జులైలో అయిపోతే, అదే ఏడాది అక్టోబరు 2న బి.ఆర్.చోప్రా 'మహాభారత్' వచ్చింది. 1990 దాకా 94 భాగాలు! మా ఉదయగిరిలో అప్పుడు ఇంటింటికీ టీవీ ఎక్కడిది? వీధికి ఒకటుంటే గొప్ప. వెదురు గడకు యాంటెన్నా కట్టి మిద్దె మీద నిలబెట్టేవాళ్లు. గాలి వీస్తే బొమ్మ పోయి చుక్కలు వచ్చేవి. ఒకరు పైకెక్కి తిప్పడం, ఒకరు వాకిట్లో నిలబడి "ఇంకొంచెం... ఆ, చాలు చాలు" అని అరవడం. సీరియల్ మొదలయ్యే వేళకు టీవీకి బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించే ముసలమ్మలను నేను కళ్లారా చూశాను.

చెప్పొద్దూ, మాలో హిందీ వచ్చినవాళ్లు తక్కువ. మా ఊళ్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు మాత్రం బాగానే ఉన్నాయి. మేమంతా పిన్నమ్మ అని పిలిచే ఒక ముస్లిం ఇంటావిడ మా పక్కన కూర్చుని, ఏం మాట్లాడుకుంటున్నారో తెలుగులో చెప్పేది. సంస్కృతం మాటలు మాకు తెలిసేవి, మిగతావి ఆమెకు తెలిసేవి. అలా ఇద్దరం కలిస్తే కథ పూర్తయ్యేది. ఆ సీరియల్‌కు మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా అని చాలా ఏళ్ల తర్వాత తెలిసినప్పుడు మా పిన్నమ్మే గుర్తుకొచ్చింది.

'హమ్ లోగ్' సంగతీ చెప్పాలి. 1984, 85 సంవత్సరాల్లో వచ్చిన ఆ సీరియల్లో ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ కనిపించి, ఆ రోజు కథ మీద నాలుగు మాటలు మాట్లాడేవాడు. పెద్దాయన ఎవరో మన అరుగు మీద కూర్చుని మంచీ చెడ్డా చెప్పినట్టుండేది. పెంపకం గురించి కూడా అలా ఎవరన్నా వచ్చి నాలుగు మాటలు చెబితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ఎందుకంటే మన పాత సీరియళ్ల నిండా పెంపుడు బిడ్డలే! జనకుడికి నాగేటి చాలులో దొరికిన సీత. యశోద ఒళ్లో పెరిగిన కృష్ణుడు. రాధ ఇంటి కర్ణుడు. వాళ్లను చూసి కళ్లు తుడుచుకున్న మనమే, పక్కింట్లో పరాయి బిడ్డ కనబడితే "ఎవురి బిడ్డో ఏందో" అని మూతి విరుస్తాం.

ఎదురింటికి వచ్చిన పాప

పెళ్లయి నేను ఆత్మకూరు వచ్చేశాను. కొన్నేళ్ల క్రితం మా ఎదురింటి అక్కా బావా ఒక నిర్ణయం తీసుకున్నారు. కొడుకులిద్దరూ ఉద్యోగాల మీద బెంగళూరు, చెన్నై వెళ్లిపోయారు. ఇల్లు బోసిపోయింది. బాలల సంక్షేమ సమితి ద్వారా ఎనిమిదేళ్ల ఆడపిల్లను కొంతకాలం తమ ఇంట్లో పెంచుకోవడానికి ముందుకొచ్చారు. ఆ పాప తల్లి పెద్ద జబ్బుతో చికిత్సలో ఉంది. తండ్రి లేడు. చూసుకునే దగ్గరి చుట్టాలూ లేరు. పాప పేరు, ఊరు, బడి నేను చెప్పను. అలాంటి పిల్లల వివరాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది.

వీధిలో మాటలకు కరువా? "ఎంత చేసినా పరాయి బిడ్డే కదమ్మే" అన్నవాళ్లున్నారు. "రేపు వాళ్లమ్మొచ్చి తీసకపోతే నువ్వేం జేస్తావు?" అని అక్కను మొహానే అడిగినవాళ్లూ ఉన్నారు. అక్క ఒకటే జవాబు చెప్పింది. "తీసకపోవాలనే కదా పెంచేది. వాళ్లమ్మ బాగుపడితే నాకు సంతోషం కాదా?"

నేను చేసింది పెద్ద సాయమేం కాదు. అక్కకు పని పడినప్పుడు పాప మా ఇంట్లో ఉండేది. మొదటి నెల నోరు విప్పలేదు. పెట్టింది తినేది, చెప్పిన చోట కూర్చునేది. అలా కుదురుగా కూర్చున్న పిల్లను చూస్తేనే నాకు భయం వేసేది. అల్లరి చేస్తే తరిమేస్తారేమోనని లోపల బెదురు. దానికి బొమ్మలు కొనిపెడితే ముట్టుకోలేదు.

ఒకరోజు ఫోన్లో పాత 'శ్రీకృష్ణ' సీరియల్ పెట్టుకుని చూస్తున్నాను. రామానంద్ సాగర్ తీసిన ఆ సీరియల్ 1993లో మొదలైంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో 'రామాయణ్', 'మహాభారత్'లతో పాటు దాన్నీ దూరదర్శన్ మళ్లీ చూపించింది. అప్పట్నుంచి నాకు పాత సీరియళ్ల పిచ్చి తిరగబెట్టింది. పాప వచ్చి పక్కన కూర్చుంది. భాష రాదు కదా, మా పిన్నమ్మ ఉద్యోగం నేను చేశాను. కృష్ణుడు వెన్న దొంగిలిస్తే మొదటిసారి నవ్వింది. మర్నాడు తనే వచ్చి "అత్తా, పెట్టు" అంది.

కొన్ని వారాలకు కృష్ణుడు మధురకు బయల్దేరే ఘట్టం వచ్చింది. అందరం ఏడ్చే ఘట్టం అది. పాప ఏడవలేదు. "యశోదమ్మ మళ్లీ కృష్ణుణ్ణి చూసిందా అత్తా?" అని అడిగింది. భాగవతంలో ఉన్న సంగతే చెప్పాను. ఎన్నో ఏళ్ల తర్వాత సూర్యగ్రహణం రోజున అందరూ కురుక్షేత్రానికి వస్తారు. అక్కడ యశోద కృష్ణుణ్ణి చూసి ఒళ్లోకి తీసుకుంటుంది. దేవకి ఆమె దగ్గరికొచ్చి, నువ్వు మా బిడ్డలకు చేసినదానికి బదులు తీర్చలేమంటుంది.

పాప కాసేపు ఊరుకుని అడిగింది. "అయితే నేను పోయినా ఇక్కడికి రావచ్చా?"

ఆ ప్రశ్న అడగడానికి దానికి అన్ని నెలలు పట్టింది. సాయంత్రం అక్కతో చెప్పాను. అక్క ఆ రాత్రే పాపను కూర్చోబెట్టుకుని, వాళ్లమ్మ ఆరోగ్యం ఎలా ఉందో, ఎప్పుడు ఇంటికి వెళ్లొచ్చో, వెళ్లాక కూడా ఈ ఇల్లు ఎక్కడికీ పోదనీ విడమరిచి చెప్పింది. ఆ తర్వాతే పాప అల్లరి మొదలుపెట్టింది. వీధంతా విసుక్కుంది గానీ మేమిద్దరం సంబరపడ్డాం.

పద్నాలుగు నెలలకు తల్లి కోలుకుంది. సమితి ఉత్తర్వు ఇచ్చింది. పాపను పంపే రోజు తల్లి అక్క చేతులు పట్టుకుని "అక్కా, నా బిడ్డను నా బిడ్డలాగే ఇచ్చినావు" అంది. అక్క ఏడుస్తూనే పాప బట్టలు సర్దింది. నేను ఉదయగిరి చెక్క గరిటెల జత ఒకటి ఆ తల్లి చేతిలో పెట్టాను. మా ఊరి ఆడవాళ్లు చెక్కే ఆ గరిటెలకు జీఐ గుర్తింపు కూడా ఉంది. కొత్తగా వంటిల్లు పెట్టుకుంటున్న మనిషికి పనికొచ్చే వస్తువు కదా!

దత్తత వేరు, ఇది వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. దత్తత అంటే బిడ్డ శాశ్వతంగా, చట్టపరంగా మీ బిడ్డ అవడం. ఫోస్టర్ కేర్ అంటే కన్నవాళ్లు చూసుకోలేని కాలంలో బిడ్డకు వేరే కుటుంబం నీడ ఇవ్వడం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో దీనికి చోటుంది. బిడ్డను ఇచ్చేది బాలల సంక్షేమ సమితి. చదువు, తిండి, ఆరోగ్యం పెంచే కుటుంబం చూడాలి. సమితి నెలనెలా తనిఖీ చేయాలి. బిడ్డకు మంచిది కాదని సమితి భావిస్తే తప్ప, కన్నవాళ్లు వచ్చి చూసిపోవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వీలైనంతవరకు ఒకే ఇంట ఉంచాలి.

2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాలతో ఇంకో తలుపు తెరుచుకుంది. పెళ్లయిన జంటలే కాదు, 35 నుంచి 60 ఏళ్ల లోపు ఒంటరి మహిళలు, అంటే పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా ఆరేళ్లు దాటిన పిల్లలను ఇలా పెంచవచ్చు. దత్తతకు అర్హత ఉన్న బిడ్డ అయితే, రెండేళ్లు పెంచాక దత్తత కోరవచ్చు. అంతకుముందు ఈ గడువు ఐదేళ్లుండేది. ఒంటరి ఆడదానికి బిడ్డను పెంచే హక్కేమిటి అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ఒక్క జాగ్రత్త. ఆస్పత్రిలో ఎవరో ఆయా చెప్పిందనో, తెలిసినాయన ఇప్పిస్తానన్నాడనో డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోకండి. బిడ్డను కొనడం, అమ్మడం నేరం. ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. పైగా ఆ బిడ్డ ఏ రోజు ఎవరి ఇంటికి పోవాలో తెలియని బతుకవుతుంది.

అవ్వల సంగతేమిటి?

మన మెట్ట ప్రాంతంలో ఎక్కువ మంది పిల్లలను పెంచుతున్నది అవ్వలు, అమ్మమ్మలు, మేనత్తలు. వానలు లేక, బోర్లు ఎండి కూలికి దూరప్రాంతాలు పోయేవాళ్లున్నారు. కువైట్ ఇళ్లలో పనికి పోయిన తల్లులున్నారు. తాగుడుకు పోయిన తండ్రులూ ఉన్నారు. ఇదే ప్రాంతంలోని దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఊరికే కాదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే ఆ తల్లుల చలవే.

చుట్టాల ఇంట్లో పెరిగితే దాన్ని ఫోస్టర్ కేర్ అనరు. వాళ్లకు స్పాన్సర్‌షిప్ అనే సాయం ఉంది. అమ్మానాన్నలు పోయి బంధువుల దగ్గరున్న పిల్లలు, భర్త పోయిన లేదా వదిలేసిన తల్లి దగ్గరున్న పిల్లలు, కన్నవాళ్లు ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలు దీనికి అర్హులు. 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. ఈ సంగతి తెలియక మందుల ఖర్చు తగ్గించుకుని మనవరాలికి నోటుపుస్తకాలు కొనే అవ్వలను నేనెరుగుదును. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. అంగన్‌వాడీ కార్యకర్తను అడిగినా దారి చెబుతుంది. బిడ్డ ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చేయండి.

మా ఉదయగిరి దుర్గాన్ని ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు, ఇక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరం తీసుకెళ్లి గుడి కట్టించాడు. హంపిలో ఆ కృష్ణాలయం ఇప్పటికీ ఉంది. విగ్రహం మాత్రం చెన్నై మ్యూజియం చేరింది. రాతి కృష్ణుడు మూడు ఊళ్లు మారినా నోరెత్తి అడగడు. పిల్లలు అడుగుతారు, నోటితో కాకపోతే కళ్లతో. రేపు నేనెక్కడుంటాను, నన్నెవరు చూస్తారు అని. పెంచే ఇంటికి డబ్బు ఎక్కువ ఉండక్కర్లేదు. ఆ ప్రశ్నకు అబద్ధం లేని జవాబు చెప్పే ఓపిక ఉంటే చాలు.

అందరం బిడ్డను ఇంటికి తెచ్చుకోలేం, నిజమే. పెంచుతున్న ఇంటికి ఆసరాగా అయినా ఉండొచ్చు కదా! ఆ అవ్వ ఆస్పత్రికి పోయిన రోజు పిల్లలకు ఒక ముద్ద పెట్టడం, ఒక దరఖాస్తు రాసిపెట్టడం, సాయంత్రం ఒక గంట మన ఇంట్లో కూర్చోబెట్టుకుని పాత సీరియల్ చూపిస్తూ కథ చెప్పడం. ఇందులో మన చేతిలో లేనిది ఏముంది? ఏమంటారు?